అడ్డంగా పెట్టిన సీసా

ఢాం!

గడియ పెడుతున్న చేతి పక్కనే తలుపు చెక్క చీలిపోతుంది. పేడు తృప్తి చెంపను కోస్తుంది. నెత్తురు!

వెనక్కి చూడదు. నేలమాళిగ మెట్లు రెండేసి దూకుతుంది. పైన మిట్టమధ్యాహ్నం ఎండ. ఇక్కడ చీకటి... ఏసీ చలి.

"వదినా! బయటికి రా! లేకుంటె అన్న కాడికే పంపిస్త!"

మరిది సందీప్. శామీర్‌పేట చెరువు పక్కనున్న ఈ ఫామ్‌హౌస్ కోసం అన్ననే మింగాడు. తృప్తికి తెలుసు... కానీ సాక్ష్యం లేదు. మొగుడు లక్ష్మణ్ వైన్ తాగుతూ తాగుతూనే కుప్పకూలాడు. గుండెపోటన్నారు. ఆ సీసా మాత్రం మాయం!

అది దొరక్కపోతే మొగుడి చావు అంతే సంగతులు.

ఫోన్ టార్చ్ వేస్తుంది. ర్యాకుల నిండా సీసాలు. అన్నీ అడ్డంగానే!

కార్కు సీసాలనే పడుకోబెట్టాలి, కార్కు ఎండిపోకుండా. ఇవన్నీ తిప్పుడు మూతలవి. నిలబెట్టినా ఏమీ కాదు. లక్ష్మణ్ ఎన్నిసార్లు మొత్తుకున్నాడో! "అడ్డంగ పెడ్తెనే షాన్ అన్నా!" అని నవ్వేవాడు సందీప్. వెధవ షోకు!

టప్... టప్...

ఏదో కారుతోంది!

టార్చ్ తిప్పుతుంది. కింది వరసలో ఒక సీసా. మూత కింద రేకు తెగి ఉంది. ఒకసారి తెరిచి, మళ్లీ బిగించిన మూత!

ఇదే! లాగి చేతిలోకి తీసుకుంటుంది. ఇన్ని సీసాల మధ్య దాచేశాననుకున్నాడు. నిలబెట్టి ఉంటే ఈ జన్మలో దొరికేది కాదు!

పైన తలుపు బద్దలవుతుంది. బూట్ల చప్పుడు!

"గా సీసా కింద పెట్టు!"

పిస్టల్ నుదుటికి ఆనుతుంది. తృప్తి ఖాళీ చెయ్యి వెనక ర్యాకులో ఇంకో సీసా మెడ దొరకబుచ్చుకుంటుంది...

ఫట్!

గాజు పగిలి సందీప్ ముఖమంతా నెత్తురు! పిస్టల్ ఎగిరి మెట్ల మీద పడుతుంది. తృప్తి అతని గుండెల మీద మోకాలు వేసి, కారుతున్న సీసా మూత తిప్పి నోట్లో కుక్కుతుంది.

"తాగు! మంచిదే అయితె తాగురా!"

"వద్దు వదినా! అండ్ల విషమున్నది... సస్త!"

మెట్ల మీద అలికిడి.

అత్త ఇందిరమ్మ! చేతిలో పిస్టల్!

సందీప్‌కి ప్రాణం లేచొస్తుంది. "అమ్మా! కాల్చు దాన్ని!"

"జర పక్కకు జరుగు బిడ్డా," అంటుంది ఇందిరమ్మ కోడలితో.

తృప్తి జరుగుతుంది.

"గా దినం మీ అన్నకు గ్లాస్ నా చేతులతోనే ఇప్పిచ్చినవ్ గదరా..."

ఢాం!