దక్షిణం వద్దన్నవాడు

రివాల్వర్ గొట్టం విమానం నడుపుతున్న మీనాకుమారి మెడకు గుచ్చుకుంటోంది.

"కిందికి దించు," అంటాడు దొరబాబు.

కింద మొగల్తూరు పర్ర, సముద్రపు ఒడ్డు బీడు. మసక చీకటి. దొరబాబును సముద్రం మీద దాటించడానికొచ్చిన పడవవాళ్లు ఇసుకలో వేసిన గడ్డిమంట. అవతల సముద్రం.

రెండు సీట్ల ట్రైనింగ్ విమానం గాలికి ఊగిపోతోంది...

మంట పొగ ఉత్తరానికి పరిగెడుతోంది. అంటే గాలి దక్షిణం నుంచి. మహా గాలి!

సొంత బావమరిదిని చంపి పారిపోతున్న రైసుమిల్లు ఓనరు వీడు. ఇందాక రాజమండ్రిలో మెకానిక్ ఏసురాజు చేత ప్రొపెల్లర్ తిప్పించాడు. ఇంజిన్ స్టార్టయింది. "థాంక్సండి," అని మర్యాదగా చెప్పి, అతని గుండెల్లో కాల్చాడు.

పని అయిపోయినవాళ్లను వీడు బతకనివ్వడు. విమానం క్షేమంగా ఆగితే తన పనీ అయిపోయినట్టే.

ఆమె విమానం ముక్కును దక్షిణానికి తిప్పబోతుంది.

"ఎటు తిప్పుతున్నావే?"

"గాలికి ఎదురుగా దిగాలండి. దక్షిణం వైపు."

దొరబాబు మొహం పాలిపోతుంది. "అది యముడి దిక్కు. ఈ నెలంతా అటు మొహం పెట్టొద్దన్నారు సిద్ధాంతిగారు. ఉత్తరానికి తిప్పు."

ఎనిమిది వేళ్లకు ఎనిమిది ఉంగరాలు. మనిషిని చంపడానికి కూడా ముహూర్తం చూసుకునే రకం! ఛీ... ఇలాంటివాడి చేతిలోనా తను చావడం?

"వెనకగాలితో దిగితే విమానం అదుపులో ఉండదండి."

"ఆడదానివి. నీకేం తెలుసు? తిప్పు."

సీటు బెల్టు వాడి బొజ్జకు చాలలేదు. పక్కన వేలాడుతోంది.

మీనాకుమారి అది చూస్తుంది. తన బెల్టు ఇంకాస్త బిగిస్తుంది.

"సరేనండి. మీ ఇష్టం."

విమానం ఉత్తరానికి తిరుగుతుంది. వెనకనుంచి గాలి తోసేస్తోంది... నేల దూసుకొస్తోంది... మంట దాటిపోయింది... చక్రాలు ఇంకా తగలవు...

దడ్!

గాలి తోకను పట్టి గిర్రున తిప్పేస్తుంది. రెక్క ఇసుకలో దిగబడుతుంది. దొరబాబు తల ఠప్పున ప్యానెల్‌కు కొట్టుకుంటుంది. రివాల్వర్ ఎగిరి ఆమె కాళ్ల దగ్గర పడుతుంది.

పడవవాళ్లు పరిగెడుతున్నారు... సముద్రం వైపు! వీడి కోసం ఒక్కడూ ఆగలేదు.

దొరబాబు కళ్లలో పడ్డ నెత్తురు తుడుచుకుంటాడు. మొలలోంచి కత్తి తీస్తాడు. "చంపేస్తానే నిన్ను."

రివాల్వర్ అప్పటికే ఆమె చేతిలో ఉంది. వేలు ట్రిగ్గర్ మీద ఉంది.

"ఓసారి కంపాస్ చూడండి దొరబాబుగారూ."

చూస్తాడు.

గిర్రున తిరిగిన విమానం ముక్కు సరిగ్గా దక్షిణానికి ఆగి ఉంది.

కత్తి పైకి లేస్తుంది...

ఢాం!