దళపతి ఇచ్చిన చేతొడుగు

బ్రాంట్ గంజి తాగుతూ తాగుతూ చచ్చిపోయాడు. గిన్నె బోర్లా పడింది. పక్కన కూర్చున్న యోధులిద్దరూ తమ గంజి పూర్తిచేసి, అప్పుడు వైద్యుణ్ణి పిలవడానికి లేచారు.

కారెస్ట్ కోటలో దీన్నెవరూ తప్పుపట్టలేదు. సముద్రం దాటి వచ్చిన యోధుల్లో మూడో వంతు కూడా మిగల్లేదు. కొందరిని జ్వరం తీసుకుపోయింది, కొందరిని పాములు, కొందరిని రాత్రికి రాత్రే గోడలెక్కే తీగలు. జ్వరం రాకుండా అందరూ రోజూ పొద్దున్నే చేదుబెరడు కషాయం తాగుతారు. అది జ్వరాన్ని ఆపుతుంది. దాంతోపాటు వేళ్లలో స్పర్శనూ, ఆ తర్వాత మెల్లగా దుఃఖాన్నీ సంతోషాన్నీ కూడా ఆపేస్తుంది.

బ్రాంట్ మెడ వెనక సన్నటి ముల్లు దొరికింది.

దళపతి హెస్గార్ ఆ మధ్యాహ్నమే ఓడ్రిక్ వేన్ అనే యోధుణ్ణి పిలిపించి తలుపు మూశాడు.

"బ్రాంట్ ఏ పని మీద ఉన్నాడో తెలుసా?"

"తెలియదు దొరా."

"ద్వీప సమితి గూఢచారుల్ని వెతుకుతున్నాడు. ముఠా పేరు తెల్లనత్త. రేపు ఉయారుల పెద్దావిడ సంధికి వస్తోంది. ఆవిడ మన కప్పు కింద చస్తే ఏమవుతుంది?"

అడవి ఉయారులది. బెరడు ఇచ్చేదీ వాళ్లే.

"మనల్ని చంపి పాతేస్తారు."

"పాతరు. ఆ పని అడవికి వదిలేస్తారు. తర్వాత సమితి ఓడలు తీరిగ్గా వచ్చి మన రేవు పట్టుకుంటాయి." హెస్గార్ ఒక వెండి ఉంగరం బల్లమీద పెట్టాడు. "విషం తగిలితే నల్లబడుతుంది. రేవులో ఇల్వీరా అని ఒకామె పట్టుబట్టలు అమ్ముతుంది. సమితి వాళ్లు తమ మనిషనుకుంటారు. నిజానికి మన మనిషి. వెళ్లి కలువు."

"నన్నే ఎందుకు పంపుతున్నారు దొరా?"

"బ్రాంట్ నీ స్నేహితుడు కదా."

ఓడ్రిక్ కాసేపు ఆలోచించాడు. "అవును," అన్నాడు.

జలగలు అమ్మేవాడి వేషంలో, భుజాన కుండతో, వానలో తడుస్తూ రేవుకు వెళ్లాడు. ఇల్వీరా దుకాణం ముందు ఆగి సంకేతం చెప్పాడు.

"జలగలు కావాలా అమ్మా? వాన తగ్గితే దొరకవు."

"ఇక్కడ వాన తగ్గితే చూద్దామనే నేనింకా బతికున్నాను," అందామె. మాట కుదిరింది. లోపలికి రమ్మని సైగ చేసింది.

కారెస్ట్ మొత్తంలో నవ్వే మనిషి ఆమె ఒక్కతే. కషాయం ముట్టదు. నెలకోసారి జ్వరంతో వణికిపోతుంది, లేచి మళ్లీ కళ్లకు కాటుక పెట్టుకుంటుంది. ఆమెను చూడటానికే యోధులు అక్కర్లేని బట్టలు కొంటారు. ఒళ్లో ఎర్ర పట్టుగుడ్డ పెట్టుకుని కుడుతోంది.

"బ్రాంట్ పోయాడటగా. నేను ఏడ్చాను. నువ్వు ఏడ్చావా?"

"లేదు."

"ప్రయత్నించావా?"

"ఒకసారి."

ఆమె నవ్వబోయి ఆగింది. "విషం సంధికి తాగే పానీయం పాత్రలో ఉంటుంది. నువ్వు పాత్ర దగ్గరే నిలబడు. ఏం జరిగినా అక్కణ్ణుంచి కదలకు."

"ఏం కుడుతున్నావు?"

"దొరగారి బహుమతికి అస్తరు. ఉక్కు గుచ్చుకుంటే ముసలావిడ ఏమనుకుంటుంది చెప్పు?"

మర్నాడు ఉయారుల పెద్దావిడ తెషుమ కొద్దిమంది విలుకాళ్లతో సభలోకి వచ్చింది. చిన్న మనిషి. నోట్లో పళ్లు లేవు. ఆవిడ మొదట కప్పువైపు, తర్వాత తలుపులవైపు చూసి కూర్చుంది.

పానీయం అందించే సేవకుడి వేషంలో ఉన్న ఓడ్రిక్ పాత్రలో ఉంగరం ముంచాడు. నల్లబడలేదు. మళ్లీ ముంచాడు. వెండి తెల్లగానే ఉంది.

అంటే విషం ఇంకోచోట ఉంది. తలెత్తి చూశాడు. కోట పెద్దలంతా పాత్రవైపే చూస్తున్నారు. బహుమతి తెచ్చిచ్చి స్తంభం పక్కన నిలబడ్డ ఇల్వీరా మాత్రం దళపతి చేతిలోకి తీసుకుంటున్న ఉక్కు చేతొడుగును చూస్తోంది. సంధి చేసుకున్నవారికి కుడిచేతి తొడుగు తొడిగి చెయ్యి కలపడం యోధుల సంప్రదాయం. లోపల ఎర్ర పట్టు మెరిసింది.

తెషుమ వేళ్లు దగ్గరగా చేర్చి చెయ్యి చాపింది.

అరిస్తే విలుకాళ్లు బాణాలు తీస్తారు, సంధి అక్కడితో సరి. ఓడ్రిక్ గబగబా నడిచి వెళ్లి, మోకాలు వంచి, ఆ తొడుగులో తన చెయ్యి పెట్టాడు.

అతని వేళ్లకు ఏమీ తెలియలేదు. తప్పు ఊహించాననుకున్నాడు.

"ఏం చేస్తున్నావురా?" అన్నాడు హెస్గార్, పెదవులు కదపకుండా.

ఓడ్రిక్ చెయ్యి బయటికి తీశాడు. బొటనవేలినుంచి నేలమీద రక్తం చుక్కలు పడ్డాయి. ముల్లు లోతుగానే దిగింది.

తెషుమ తొడుగును వాసన చూసింది. తన నడుముతాడు విప్పి అతని మణికట్టు పైన బిగించి కట్టింది. తర్వాత దళపతితో, "ఆ కత్తి తెగుతుందా, అలంకారానికా?" అంది.

"తెగుతుందమ్మా."

"అయితే ఇక్కడ కొట్టు. త్వరగా."

హెస్గార్ కొట్టాడు. ఎవరో ఇంకొకరికి జరుగుతున్న పనిలా ఓడ్రిక్ చూస్తూ ఉన్నాడు.

"అతిథికిచ్చే వస్తువును ముందు ఇంటివాడు తొడుక్కుని చూడటం మీ ఆచారమా?" అడిగింది తెషుమ.

పుట్టాక అబద్ధమాడని దళపతి, "అవునమ్మా. తాతల నాటిది," అన్నాడు.

ఆవిడ అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. "మంచి ఆచారం," అని ఉత్తచెయ్యి చాపింది.

ఇల్వీరా పారిపోలేదు. గాయం మానుపట్టాక ఓడ్రిక్ ఆమె ఉన్న చెరసాలకు వెళ్లాడు.

"బ్రాంట్‌ను చంపింది?"

"నేనే, తెల్లనత్త కోసం. ఏడ్చానన్నది మాత్రం అబద్ధం కాదు." ఆమె అతని మణికట్టు వైపు చూడలేకపోయింది. "పాత్ర దగ్గరే ఉండమన్నానుగా. గొడవ మొదలవగానే నిన్ను పడవ ఎక్కిద్దామనుకున్నాను. చోటు కూడా ఉంచాను."

ఓడ్రిక్ సరేనన్నట్టు తలూపాడు.

"నామీద కోపం రావట్లేదా?"

"రావాలనే చూస్తున్నాను."

ఆమె ఏడ్చింది. మధ్యలో లేచి వెళ్తే బాగుండదని, అయ్యేదాకా కూర్చున్నాడు.

విచారణకని ఆమెను సంకెళ్లతో ఓడెక్కించిన రోజు రేవుకు వెళ్లాడు. ఓడ కదిలినప్పుడు ఊపడానికి కుడిచెయ్యి లేచింది. చివర ఏమీ లేదు. దించేశాడు.

ముసలావిడతో ఆడిన అబద్ధాన్ని దళపతి నిజం చేయక తప్పలేదు. ఇప్పుడు కారెస్ట్‌లో ఏ సంధి జరిగినా, బహుమతిని ముందుగా ఒక యోధుడు తొడుక్కుని చూడాలి. దానికో బిరుదు, భోజనంలో అదనంగా ఒక చేప. ఎంత చాటింపు వేసినా ఎవరూ ముందుకు రాకపోవడంతో, ఎడమచెయ్యి ఇంకా ఉంది కదా అని ఓడ్రిక్‌నే నియమించారు.