ఆరో గది తలుపుకు కట్టిన పోగు

పొద్దుమూకింది. పొద్దటి సంది ఒకటే ముసురు.

మెట్‌పల్లి దాటినంక, మనసు బాగలేనోళ్లను ఉంచుకొని నయం జేసే దవాఖాన ఒకటుంది. అండ్ల ఆరో గదికి చెడ్డపేరు. ఒకామె అందులనే చచ్చిపోయిందట. రాత్రి వస్తదట... కప్పుకున్న దుప్పటి మెల్లగ గుంజుతదట.

నా బిడ్డ నవీన ఉన్నది ఆ గదిలనే. నిద్ర లేక, తిండి లేక సగమైతే వారం కింద నేనే చేర్పించిన. ఇయ్యాల చూసిపోదామని వచ్చిన.

"వచ్చిందవ్వా..." అన్నది నా చెవిల. "కాళ్లకాడ నిలవడి దుప్పటి గుంజుతది."

"కండ్లు తెరిచినవా?"

"లే. తెరిస్తే నెత్తురు కక్కుతరట."

ఆయా శంకరవ్వను అడిగిన — "అందరికీ వస్తదా?"

ఆమె తల దించుకున్నది. "వయసుల ఉన్నోళ్లకే."

తలుపుకు లోపల గడియ లేదు. పేషెంట్లు ఏమన్న చేసుకుంటరని పీకేసిన్రట. మంచిదే అనుకున్న.

వానకు బస్సు రాలే. శంకరవ్వ నన్ను వంటగదిల పండుమన్నది.

మాది సిరిసిల్ల. మరమగ్గాల సాంచెల మీద బతుకు. సాంచె మీది పోగును దెయ్యం దాటదని మా అత్త చెప్పేది. కొంగుకు అంటుకున్న నీలం పోగు తీసి, బయటికెల్లి తలుపు దగ్గరికేసి, రెండు రెక్కల కడియాలకు కలిపి కట్టిన.

"దెయ్యానికి చీరె నేస్తున్నవా అవ్వా?" — రెక్కల సందుల నుంచి నవీన నవ్వింది. వారానికి అదే మొదలు.

నడిరాత్రి తలుపు కిర్రుమన్నది...

భయానికి నేను లేవలే. అది ఇప్పటికీ నోట్లె చేదు.

తెల్లారి చూస్తే పోగు ఉన్నది. పాణం కుదుటపడ్డది. విప్పుదామని పట్టుకున్న —

నడుమ ముడి.

నేను వెయ్యలే. ఇరవై ఏండ్ల సంది తెగిన పోగులు అతికిన చెయ్యి నాది. నా ముడి నువ్వుగింజంత ఉంటది. ఇది బర్రెను కట్టేసినట్టు, ఇంత లావు.

దెయ్యం పోగు తెంపుతదేమో. తెంపి, ఎవలకు తెల్వకుండ మళ్ల ముడేస్తదా?

"రాత్రి రౌండ్లుంటయమ్మా," అన్నడు, రాత్రి ఎవలొచ్చిన్రని అడిగితే, గుమ్మంల నిలవడ్డ సూపర్‌వైజర్ శ్యాంసుందర్. "స్టాఫ్ ఏ గదికన్న పోవచ్చు. రూల్."

"దుప్పటి గుంజుడు గూడ రూలేనా సారూ?"

చెయ్యి ఎనకకు పెట్టుకోబోయిండు. అంతల్నే కనవడ్డది — గడియారం పట్టీల ఇరుక్కొని, వేలెడు నీలం పోగు.

కండ్లు తెరిస్తే కక్కుతరన్నది నిజమే. ఆ గుమ్మంలనే వాంతి చేసుకున్న.

పోలీసులకు కాయితం రాసిచ్చి, పగటి బస్సెక్కినం. నేను, నవీన. ఇద్దరం ఇంటికొచ్చినం.

మాకు ముందు, ఈ ఏడాది ఆరో గదిల ఉండి పోయినోళ్లు పదకొండు మంది అన్నది శంకరవ్వ. అందరూ క్షేమంగనే ఇండ్లకు చేరిన్రట...

దెయ్యమే అనుకొని.