మిల్లులో మట్టిదూడ

గూడెం శివార్లలో మూసేసిన ఆ రైసుమిల్లుకి మంచి పేరు లేదండి. చీకటి పడితే లోపల ఎవరో నిట్టూరుస్తారట. ఆ ముందునుంచి పోయే ఆటోవాళ్ళు హారన్ కూడా కొట్టరు.

ఉషశ్రీకి మాత్రం ఆ చోటు తెగ నచ్చింది. ఏలూరు పిల్ల, శిల్పాల చదువులో ఆఖరి ఏడు. మిల్లు ఓనరైన మావయ్యని బతిమాలి తాళాలు తీసుకుని, గోడౌన్లో నిజం దూడంత మట్టి గేదెదూడని చేసింది. పైన తాడు కట్టి, కాయితాల మీద తను అచ్చేసిన కొల్లేటి గూడబాతుల బొమ్మలు ఆరేసింది. మార్కులేసే మాస్టారు అక్కడికే వచ్చి చూస్తానన్నారు.

ఇంక రెండు రోజులుందనగా, పొద్దున్నే చూస్తే దూడకి కుడి చెవి లేదు!

మర్నాడు ఎడమ చెవీ పోయింది. మూతి నున్నగా, తడిగా ఉంది... ముందు తలుపు తాళం వేసినట్టే ఉంది. వెనక రేకు తలుపు ఊరికే చేరవేసి ఉంటుంది గానీ, అటు మనుషులెవరూ రారు.

పిల్ల ఏడ్చింది. తెల్లారితే మాస్టారొస్తారు, బొమ్మ లేకపోతే ఏడాది పోతుంది. మళ్ళీ చెవులు అతికించి, ఆ రాత్రి బస్తాల వెనక కూర్చుంది. దెయ్యమో, తనో — తేలిపోవాలనుకుంది.

ఒంటిగంట దాటింది. రేకు తలుపు కిర్రుమంది... తాడు మీద గూడబాతులన్నీ ఒక్కసారి కదిలాయి... తర్వాత నిట్టూర్పు — పొడుగ్గా, వెచ్చగా!

"ఎవరండీ..." అంది గుసగుసగా. దెయ్యాన్నైనా అండీ అనే పెంపకం మరి.

టార్చి వేసింది. గేదె! మట్టిదూడని ఆబగా నాకుతోంది. ఉషశ్రీకి ఒళ్ళు మండి కర్ర అందుకుంది.

ఇంతలో గేదెని వెతుక్కుంటూ దాని యజమానురాలు అచ్చాయమ్మ వచ్చింది. మట్టి కాస్త గిల్లి వాసన చూసింది. బీటలివ్వకుండా మట్టిలో ఊక కలుపుతారు కదండీ, ఈ పట్నం పిల్ల తవుడు కలిపింది. గేదెలు వదుల్తాయా? అచ్చాయమ్మ పడీ పడీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ పొదుగు చూసి ఆగిపోయింది.

దాని దూడ చచ్చిపోయి ఎనిమిది రోజులట. ఆ తోలులో గడ్డి కూరి ఎదురుగా నిలబెడితే, తన దూడే అనుకుని పాలు చేపుతుందన్నారు అందరూ. మనసొప్పక పాతిపెట్టేసింది. అప్పట్నుంచీ గేదె చుక్క పాలివ్వలేదు.

"చేపిందమ్మా... అదిలించకండి," అంది, కళ్ళనీళ్ళతో.

నేలమీద పాలు బొట్లు బొట్లుగా పడుతున్నాయి. ఉషశ్రీ కర్ర కింద పెట్టేసింది. నా చదువు గంగలో కలిసిందిరా దేవుడా అనుకుంటూనే, తనే వెళ్ళి తట్టలో ఉన్న తవుడు కూడా తెచ్చి పెట్టింది.

పదకొండింటికి మాస్టారొచ్చేసరికి దూడకి చెవులు లేవు, మొహమూ లేదు. గేదె దాన్ని నాకుతూనే ఉంది. ఆయన చాలాసేపు చూశారు. కళ్ళద్దాలు తుడుచుకుని, బొమ్మని ముట్టుకుందామని చెయ్యి చాపారు.

గేదె బుస్సుమని కొమ్ములు దించింది. ఆయన గోడకి అతుక్కుపోయి, అక్కడే కాయితం మీద ఏదో రాసేశారు.

"పూర్తి మార్కులు వేశానమ్మా," అన్నారు మెల్లిగా. "దాని బిడ్డని నేనేం చెయ్యనని ఆ తల్లికి కాస్త చెప్పండి."