అన్నం తిన్నంత మాత్రాన

"వాన పడితే ఆత్మకూరు బస్సు లేటు."

వనజ మేడం ఈ వాక్యం బోర్డు మీద రాసి చాక్‌పీసు కింద పెట్టిందో లేదో, ఆ ఆత్మకూరు బస్సులోనే రావాల్సిన లక్ష్మణ్ తలుపు దగ్గర ప్రత్యక్షమయ్యాడు. అరగంట లేటు.

అది రెండువేల అయిదు. గద్వాల్‌లో ఊరి చివరున్న కాలేజీ. ఎంసీఏ మొదటి సంవత్సరం, మ్యాథమెటికల్ ఫౌండేషన్స్ తొలి క్లాసు. ఆ పేపర్లో ఏటా సగం మంది తప్పుతారని సీనియర్లు భయపెట్టి ఉన్నారు కాబట్టి అందరూ బుద్ధిగా కూచున్నారు. మేడం లక్ష్మణ్‌ను తలుపు దగ్గరే ఆపి, క్లాసు వైపు తిరిగింది. బస్సు లేటయింది, దీన్ని బట్టి మీకేం తెలిసింది అని అడిగింది.

అయిజ నుంచి వచ్చే ఉమారాణి టక్కున లేచింది. "ఆత్మకూరుల వాన పడ్డది మేడం."

లక్ష్మణ్ తన పొడి చొక్కా ఒకసారి చూసుకున్నాడు. "వాన లేదు మేడం. టైర్ పంక్చరైంది."

క్లాసు ఘొల్లుమంది. ఉమారాణి మొహం మిరపపండయింది. మేడం మాత్రం నవ్వకుండా చెప్పింది. వాన పడితే లేటు అన్నామే గానీ, లేటయితే వాన పడ్డట్టే అని ఎవరూ అనలేదు. లేటు కావడానికి వేరే కారణాలు బోలెడు. 'పడితే' అన్న మాట బాణం గుర్తు లాంటిది, ఎటు వేశామో అటే పోతుంది, దాన్ని వెనక్కి నడపకండి అంది. ఆ పాఠం తానే కనిపెట్టినంత దర్జాగా లక్ష్మణ్ వెళ్ళి కూచున్నాడు.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. సాయంత్రం బస్టాండులో ఉమారాణికి కాస్త దూరంలో నిలబడి, ఆకాశం వైపు చూస్తూ, "అయిజ బస్సు ఇంక రాలే. పాపం, ఆడ తుఫానేమో" అన్నాడు.

"నీ పేరేంది?"

"లక్ష్మణ్."

"కాదు, పంక్చర్" అని ఆమె బస్సెక్కి వెళ్ళిపోయింది.

ప్రేమకథ ఇంతకన్నా మర్యాదగా మొదలవ్వాలి నిజమే. ఏం చేస్తాం, ఇది ఇలాగే మొదలైంది. నెల తిరిగేసరికి ట్రూత్ టేబుల్స్, అంటే ఏది నిజమో ఏది కాదో తేల్చే పట్టికలు, ఇద్దరూ కలిసి వేసుకుంటున్నారు. ఆమె రోజుకోసారి పంక్చర్ అని పిలవకపోతే అతనికి పాఠం తలకెక్కడం మానేసింది. రిలేషన్స్ చెప్పిన రోజున బస్టాండులో చాయ్ తాగుతూ, ప్రేమ సిమెట్రిక్ రిలేషనా కాదా అని పెద్ద చర్చ పెట్టాడు. ఎ అనేవాడు బి ని ప్రేమిస్తే, బి కూడా ఎ ని ప్రేమించాలని రూలేమైనా ఉందా అని అడిగాడు.

"ముందుగాల ఎ నోరు తెరిచి అడగాలె గదా" అంది ఉమారాణి.

ఎ నోరు తెరవలేదు. చాయ్ తాగి గ్లాసు పెట్టేశాడు.

ఒకసారి మేడం, మీ ఇళ్ళలో వినే మాటల్లోంచి 'ఇదైతే అది' అనే తరహా వాక్యం ఒకటి రాసుకు రమ్మంది. మా నాయన ఉలకకపోతే ఒప్పుకున్నట్టు అని లక్ష్మణ్ రాశాడు. ఉమారాణి తమ వైపు ఆచారం రాసింది. పిల్లను చూడవచ్చినవాళ్ళు మామూలుగా చాయ్ తాగి వెళ్తారు. సంబంధం ఖాయమైతే ఆ ఇంట్లో అన్నం తిని వెళ్తారు. ఆమె చదివి వినిపించాక మేడం దాని మీద ఇంకో ప్రశ్న వేసింది. లక్ష్మణ్ అది వినలేదు. అతని ధ్యాసంతా ఊగుతున్న ఆమె చెవి కమ్మల మీద ఉంది.

ఆ ధ్యాసకు మూల్యం సెప్టెంబరులో చెల్లించాల్సి వచ్చింది.

గురువారం క్లాసయ్యాక ఉమారాణి అతన్ని మెట్ల దగ్గర ఆపింది. ఆమె ముఖంలో ఆటపట్టించే కళ ఏమీ లేదు. నాగర్‌కర్నూల్ నుంచి రేపు మధ్యాహ్నం తనను చూడవస్తున్నారని చెప్పింది. పిల్లవాడికి నౌకరీ ఉంది, వంక పెట్టడానికేం లేదు. మనసులో ఒకరున్నారని తండ్రి కిష్టయ్యతో తను చెప్పేసింది. అయితే ఆ ఒకరే స్వయంగా వచ్చి అడగాలని ఆయన అన్నాడు.

"వాళ్ళకంటె ముందుగాల రా. నీ బదులు నేను మాట్లాడను" అంది.

వస్తానన్నాడు. అడగకుండానే ఆమె అంత దూరం వచ్చేసిందని తెలిసి, ఆ రాత్రి అతనికి సంతోషంతో ముద్ద దిగలేదు.

శుక్రవారం పొద్దున చొక్కాకు రెండోసారి ఇస్త్రీ చేస్తుంటే బస్సు వెళ్ళిపోయింది. తర్వాతి బస్సు పట్టుకుని, గద్వాల్‌లో మారి, అయిజలో దిగేసరికి మధ్యాహ్నం దాటింది. వాన దంచికొడుతోంది. ఇస్త్రీ చొక్కా ముద్దయి ఒంటికి అంటుకుంది. ఉమారాణి ఇంటి ముందు జీపు ఆగి ఉంది. తెరిచిన తలుపులోంచి లోపలి గది కనిపించింది. కొత్త పట్టుచీర కట్టుకున్న ఒకావిడ పీట మీద కూచుని అన్నం తింటోంది. ఉమారాణి తల్లి బాలనాగమ్మ పక్కనే నిలబడి ఇంకొంచెం పెడుతోంది.

సంబంధం ఖాయమైతే అన్నం తింటారు. తింటున్నారు. ఇంకేముంది, ఖాయమైపోయింది.

లక్ష్మణ్ గుమ్మం తొక్కలేదు. వచ్చిన దారినే, వానలోనే తిరిగి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం ఆత్మకూరులో తన వీధి కిరాణా కొట్టుకు ఉమారాణి ఫోన్ చేస్తే, లేనని చెప్పించాడు.

శనివారం ఇంటర్నల్ పరీక్ష. అందులో ఒక ప్రశ్న: 'పి అయితే క్యూ' నిజం, క్యూ కూడా నిజం, పి నిజమని తేల్చవచ్చునా? తేల్చలేమని లక్ష్మణ్ చక్కగా పట్టిక గీసి మరీ రాశాడు. రాసిన చెయ్యి అతనిదే, తల మాత్రం ఎక్కడుందో నాకు తెలియదు. ముందు బెంచీలోంచి ఉమారాణి వెనక్కి తిరిగి చూసినప్పుడల్లా అతను కాగితంలోకి దూరిపోయాడు. పేపరిచ్చేసి, ఎవరో తరుముతున్నట్టు బస్టాండుకు నడిచాడు.

ఆమె వెనకే వచ్చింది. అయిజ బస్సు డ్రైవరు అప్పుడే సీట్లోకి ఎక్కుతున్నాడు.

"ఎందుకు రాలే?"

"వచ్చిన."

"ఎప్పుడు?"

"మీ ఇంట్ల ఆ వచ్చినోళ్ళు అన్నం తింటున్నప్పుడు. ఖాయమైతేనే తింటరని నువ్వే రాసినవు గదా."

సంగతి అర్థమై ఉమారాణి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అవి బాధతో వచ్చినవో కోపంతో వచ్చినవో ఆమెకే తెలియలేదు.

"తిన్నది పిల్లగాని తల్లి, లలితమ్మ. ఆమెకు షుగర్. అంత దూరం ఏం తినకుండ వచ్చింది, మా ఇంట్లకొచ్చి కూసోంగనే కండ్లు తిరిగినయ్. మా అమ్మ బలవంతం చేసి పెట్టింది. మిగిలినోళ్ళు చాయ్ తాగి లేచిండ్రు. రేపు పొద్దుగాల మా నాయన వాళ్ళకు జవాబు చెప్పాలె. ఖాయమైతే తింటరని రాసిన. తింటే ఖాయమైనట్టని రాసిన్నా? నన్ను చూసి క్లాసంత నవ్వింది గదా పంక్చర్, ఈ తప్పుకే."

బస్సు కదిలింది. ఇంకో మాట అనకుండా ఆమె ఎక్కేసింది. నిన్నంతా పిడుగు పడ్డట్టు తిరిగిన మనిషి, ఈసారి ఏమీ ఆలోచించకుండా పరిగెత్తి మెట్టు పట్టుకున్నాడు.

అయిజ దాకా ఆమె ముందు సీట్లో, అతను వెనక కడ్డీ పట్టుకుని. ఒక్కసారి కూడా ఆమె తిరిగి చూడలేదు. ఆలస్యమైపోయిందేమో, రేపటి దాకా ఆగకుండానే కిష్టయ్య వాళ్ళకు మాటిచ్చేసి ఉంటాడేమో అని దారి పొడవునా లక్ష్మణ్ మథనపడ్డాడు.

కిష్టయ్య చేలోంచి వచ్చి అరుగు మీద కూచుని ఉన్నాడు. లక్ష్మణ్ నిన్నటి సంగతి దాచకుండా చెప్పాడు. లోపల బాలనాగమ్మ నవ్వాపుకోలేకపోవడం వినిపించింది. కిష్టయ్య నవ్వలేదు.

"రేపు ఇంకేందో చూస్తవ్. అప్పుడు గూడ అడగకుండనే మర్లిపోతవా?"

లక్ష్మణ్‌కు సిగ్గేసింది, అయినా తల దించలేదు.

"పోను సార్. అడిగే తెలుసుకుంట. నాకింకా నౌకరి లేదు, చదువైనంక చూసుకుంట. ఉమారాణిని నాకిస్తరా?"

కిష్టయ్య ఉలకలేదు. లేచి, పెరట్లోకి వెళ్ళి, కాళ్ళు కడుక్కోవడం మొదలుపెట్టాడు. ఉలకకపోతే ఒప్పుకున్నట్టు అన్నది వాళ్ళ నాయన సంగతి, ఈయనది కాదు. లక్ష్మణ్ నిలబడే ఉన్నాడు.

బాలనాగమ్మ పీట వేసి కంచం పెట్టింది. అన్నం, పచ్చిపులుసు, పక్కన జొన్నరొట్టె. చెయ్యి కడుక్కోమంది.

లక్ష్మణ్ పీట మీద కూచోలేదు. పెరటి గుమ్మం దాకా వెళ్ళి అడిగాడు. "సార్, అన్నం పెట్టిండ్రు. నేను మల్ల తప్పు అర్థం చేసుకుంటనేమో. దీని మతలబేందో మీ నోటితోటే చెప్పుండ్రి."

కిష్టయ్య తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ ఆ పిల్లవాణ్ణి మొదటిసారి పూర్తిగా చూశాడు.

"నాగర్‌కర్నూలోళ్ళకు రేపు వద్దని చెప్త. మీ అమ్మను నాయనను తోల్కరా, వాళ్ళు గూడ ఈడనే తింటరు. ఖాయమైనట్టే. సల్లారకముందు తిను. సార్ అనుడు బంద్ చెయ్యి."

ఉమారాణి చెంబుతో బయటికొచ్చింది. బస్సెక్కినప్పటి నుంచి బిగపట్టిన ఏడుపంతా ఇప్పుడు చెంపల మీదికి జారింది, దాన్ని తుడుచుకోకుండానే నవ్వింది.

"చెయ్యి పట్టు పంక్చర్" అని నీళ్ళు పోసింది. అతను రెండు చేతులూ పట్టాడు.