మూడో బేస్ వెనక లేవని కుర్చీ

మా ఊరి బేస్‌బాల్ స్టేడియంలో మూడో బేస్ వెనక, కంచెకి దగ్గరగా ఉన్న వరసలో ఒక కుర్చీ ఉండేది. చీకటి పడ్డాక దాని పక్కనుంచి ఎవరూ నడిచేవారు కాదు.

అక్కడివన్నీ మడత కుర్చీలు. మనిషి లేచాడంటే కూర్చునే పలక టప్పున పైకి మడుచుకుంటుంది. ఆ ఒక్కటి మాత్రం మడుచుకోదు. నూనె పోశారు, స్ప్రింగు మార్చారు, ఇద్దరు దిట్టమైన మనుషులు పట్టి లాగారు. ఊహూఁ. ఎవరో కూర్చుని ఉన్నట్టు... కిందికే ఉంటుంది.

పైగా వెచ్చగా ఉంటుందట. మా దగ్గర ఏప్రిల్ మొదట్లో ఇంకా చలే, పక్క కుర్చీలు ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతాయి. ఆ పలక మీద చెయ్యి పెడితే మాత్రం, ఇప్పుడే ఎవరో లేచి వెళ్ళినంత వేడి. నేను పెట్టి చూడలేదు బాబూ. పెట్టినవాళ్ళు చెబితే విన్నాను.

ఆ కుర్చీ స్టాష్‌ది. ఉక్కు మిల్లులో పనిచేసేవాడు. అతని పెళ్ళాం వాండా. మా జట్టుకి చొక్కా మీద కొంగ బొమ్మ ఉంటుంది, అందుకని ఊరంతా 'కొంగలు' అనే పిలుస్తుంది. కొంగలు ఊళ్ళో ఆడే ప్రతి ఆటకీ మొగుడూ పెళ్ళాం వచ్చేవారు, ఆ పక్కపక్క కుర్చీల్లోనే కూర్చునేవారు. అతను గొంతు పోయేదాకా అరిచేవాడు, అంపైర్‌ని ఇంటికెళ్ళి కళ్ళజోడు తెచ్చుకోమనేవాడు. ఆవిడ వేరుశెనక్కాయలు వలిచి, కళ్ళు ఆట మీదనుంచి తిప్పకుండానే అతని చేతిలో పోసేది.

చాలా ఏళ్ళ కిందట ఒక ఆగస్టు సాయంత్రం... మాకు బంతి విసురుతున్నది పికెట్ అనే కొత్త కుర్రాడు. ఏడో ఇన్నింగ్స్‌ వచ్చింది. అప్పటిదాకా అవతలివాళ్ళు అతని మీద ఒక్క హిట్టూ కొట్టలేకపోయారు, అంటే బంతి కొట్టి బేస్ చేరినవాడే లేడు. ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్ చివరిదాకా అలాగే సాగితే చరిత్ర. మా గడ్డ మీద అలాంటిది అంతకుముందెప్పుడూ జరగలేదు.

ఇలాంటప్పుడు మావాళ్ళకో పట్టింపు ఉంది. హిట్టు పడలేదన్న మాట పైకి అనకూడదు. కూర్చున్న చోటు కదలకూడదు. ఏం చేసినా కుర్రాడికి దిష్టి తగులుతుందని భయం. ఒంటేలు వస్తున్నా బిగబట్టుకుని కూర్చుంటారు గానీ లేవరు.

స్టాష్ అరుపులు ఆగిపోయాయి. వాండా ఏమీ అనుకోలేదు. పట్టింపు పాటిస్తున్నాడు, అంతే కదా అనుకుంది.

మధ్యలో ఒకసారి అతని వేళ్ళు ఆవిడ మోచేతిని తాకాయి. ఆవిడ తల తిప్పలేదు. "ష్..." అంది.

ఆఖరివాడు అవుటయ్యాడు. స్టేడియం మొత్తం ఒక్కసారిగా లేచింది. కుర్చీలన్నీ టపటపా మడుచుకున్నాయి. వాండా ఎగిరి గంతేసి పక్కకి తిరిగి మొగుణ్ణి వాటేసుకుంది. అతను లేవలేదు. చేతులు చల్లబడిపోయి ఉన్నాయి.

అదృష్టవంతుడు, అంత గొప్ప ఆట కళ్ళారా చూసి పోయాడని ఊరంతా అంది. నిజంగా చూశాడో లేదో ఎవరికి తెలుసు? ప్రాణం ఎప్పుడు పోయిందో డాక్టరే చెప్పలేకపోయాడు. ఆ వేళ్ళు తాకినప్పుడు ఏం చెప్పబోయాడు... వాండాకి అదొక్కటే కావాలి. చెప్పేవాళ్ళు లేరు.

ఆవిడ ఏడవలేదు. సమాధి దగ్గర ఏడవలేదు, ఇంటికొచ్చీ ఏడవలేదు. ఆ మోచెయ్యి మాత్రం ఆ రోజునుంచి మొద్దుబారిపోయింది. సూది గుచ్చినా తెలిసేది కాదు. మిగతా మనిషీ అలాగే తయారైంది. వండుకునేది, తినేది, పడుకునేది. స్టేడియం గడప మళ్ళీ తొక్కలేదు.

చివరికి స్టేడియాన్ని కూలగొడతామన్నారు. ఆఖరి ఆట అయ్యాక వీడ్కోలు సభ పెట్టి, రావాలని బతిమాలితే వాండా వెళ్ళింది. వేరుశెనక్కాయల పొట్లం చేతిలో పెట్టుకునే వెళ్ళింది, ఎందుకో ఆవిడకే తెలీదు.

మైకులో పాత ముచ్చట్లన్నీ చెప్పారు. దీపాలు పోయిన రాత్రి జనం కార్లు తెచ్చి కంచె చుట్టూ నిలిపి, ఆ వెలుగులోనే ఆట పూర్తి చేయించడం. పొగమంచులో బంతి ఎటుపోయిందో తెలీక రెండు జట్లూ కలిసి వెతుక్కోవడం. మేయరుగారి కుక్క బంతి నోట కరుచుకుని పారిపోవడం. జనం పడీపడీ నవ్వారు. చివరికి పికెట్ ఆట, దానితోపాటు స్టాష్ పేరు. వాండాని మైదానంలోకి పిలిచి పూలగుత్తి ఇచ్చారు. చప్పట్లు మోగాయి. ఆవిడకి ఏమీ అనిపించలేదు. ఎవరి సంగతో చెబుతున్నారనిపించింది.

జనం వెళ్ళిపోయారు. వాండా వెళ్ళి తన పాత కుర్చీలో కూర్చుంది.

గేటు కాపలా డూగన్ దూరాన్నే నిలబడ్డాడు. స్టాష్‌తో కలిసి బీరు తాగిన మనిషి.

"వాండా, లేచిరా. పొద్దున్న యంత్రాలొస్తే నిన్ను కూడా కలిపి కూలగొడతారు."

"కాసేపు కూర్చుంటాను. నువ్వు దీపాలార్పుకో."

"ఆర్పుతా. కానీ నేనక్కడికి రాను, ముందే చెబుతున్నా."

దీపాలు ఒక్కో స్తంభం మీదా ఆరిపోతూ వచ్చాయి. చీకటి... స్కోరుబోర్డు మీది రేకు అంకెలు గాలికి టకటకమంటున్నాయి. వాండా ఎదురుగా ఉన్న మైదానాన్నే చూస్తూ కూర్చుంది. పక్కకి చూడలేదు. ఆ రోజూ చూడలేదు కదా.

చేతులు వాటంతట అవే పొట్లం విప్పాయి. కాయ చిటుక్కుమంది. ఇంకోటి. పాత అలవాటు... వలిచిన పప్పుల్ని పక్క కుర్చీ వైపు చెయ్యి చాపి ఒంపింది.

పప్పులు పలక మీద పడిన చప్పుడు రాలేదు.

 మళ్ళీ నాలుగు కాయలు వలిచి, మళ్ళీ ఒంపింది... చప్పుడు లేదు.

అప్పుడు — సూది గుచ్చినా తెలియని ఆ మోచేతి మీద — వేళ్ళు.

తెలిసింది ఆవిడకి. ఒక్కో వేలూ విడివిడిగా తెలిసింది.

"ష్" అనబోయింది. పెదవి దాకా వచ్చిన మాటని మింగేసింది. తల తిప్పకుండానే గుసగుసగా అడిగింది.

"ఏంటి స్టాష్?"

 పక్కనుంచి, ఒళ్ళు కదలకుండా పెదవులు మాత్రమే కదిపినంత సన్నగా...

"అయిపోయిందా?"

 ఇన్నేళ్ళూ కదలకుండా కూర్చున్నాడు. తను కదిలితే ఆట చెడిపోతుందని. ఆట అయిపోయిందని ఊరంతా అరిచి చెప్పుకుంది నిజమే. కానీ స్టాష్ అడిగింది ఊరిని కాదు. పెళ్ళాన్ని అడిగాడు. పెళ్ళాం నోరు మూసుకోమంది. మూసుకున్నాడు.

"అయిపోయింది," అంది.  "ఒక్క హిట్టూ ఇవ్వలేదు పికెట్. మనమే గెలిచాం. ఇక లేవొచ్చు స్టాష్... లే."

టప్పు!

గేటు దగ్గరున్న డూగన్‌కి ఆ చప్పుడు వినబడింది. ఆ వెంటనే ఇంకో చప్పుడు — ఆడమనిషి ఏడుపు, గుండెలవిసిపోయేలా. అతను ముందూ వెనకా చూడకుండా టార్చి పట్టుకుని ఆ వరస దాకా పరుగెత్తాడు.

కుర్చీ మడుచుకుని ఉంది. భయంభయంగా ముట్టుకున్నాడు. పక్క కుర్చీల్లాగే చల్లగా ఉంది.

కిందికి టార్చి వేశాడు. వాండా కాళ్ళ దగ్గర వేరుశెనగ తొక్కలు కుప్పగా పడి ఉన్నాయి. ఆ కుర్చీ కింద ఒక్క పప్పు కూడా లేదు.

వాండా మోచేతిని రెండో చేత్తో గట్టిగా పట్టుకుని, ఏడుస్తూనే అటు చూసింది.

"చూడు డూగన్," అంది, "పప్పులు కూడా పట్టుకుపోయాడు."