గ్రాములో వెయ్యో వంతు

"ఒక రైఫిల్‌ని ఆపడానికి డిపార్ట్‌మెంట్ నీకిస్తున్న ఆయుధం ఇదీ" అన్నాడు వేణుగోపాలరావు.

టేబుల్ మీద అరచేయంత డిజిటల్ తూకం మిషన్ ఉంది. నగల షాపుల్లో రాళ్లు తూచే రకం.

దోహా శివారు ఐన్ ఖాలిద్‌లోని ఆ విల్లా ఇరుగుపొరుగుకి ఒక ఇన్సూరెన్స్ ఏజెంటు ఇల్లు. నిజానికది ఢిల్లీకి జవాబు చెప్పే ఆఫీసు. వేణుగోపాలరావు దాని చీఫ్. ఎదురుగా నిలబడ్డ భరణి దోహాలో తూకం మిషన్లు అమ్మే సేల్స్ ఇంజనీరు. అది కవర్. అసలు ఉద్యోగం గూఢచారి.

"టార్గెట్ ఎవరు సార్?"

"శ్రీరామమూర్తి. గ్యాస్ ఒప్పందానికి మన తరఫున వస్తున్న నిపుణుడు. గురువారం మెసయీద్ పోర్టులో సంతకాలు. షూటర్ పేరు వెర్నర్. డబ్బిచ్చిన దేశమే వాడి దేశం. రైఫిల్ ముక్కలుగా వచ్చేసింది. తూటాలే లేవు."

"కొనుక్కోలేడా?"

"ఫ్యాక్టరీ తూటా మీద గుర్తులుంటాయి. అందుకే ఖాళీ గుల్లలు, మందు విడివిడిగా తెప్పించి తనే నింపుకుంటున్నాడు. సైలెన్సర్ కోసం మందు చాలా కొంచెం వేస్తాడు. పిసరు తేడా వచ్చినా గురి తప్పుతుంది. మంచి ల్యాబ్ బ్యాలెన్స్ కొందామంటే కంపెనీ కాగితాలడుగుతారు. పైగా వాడి బాసులు పిసినారులు. చవగ్గా ఉండాలి, కచ్చితంగా ఉండాలి. ఆ పని జైబాకి అప్పగించాడు."

జైబా పేరు వినగానే భరణి తలెత్తాడు. హైదరాబాద్ అమ్మాయి. అల్ దోహా అల్ జదీదాలో అత్తరు షాపు నడుపుతుంది. ఆమె నడిచి వెళ్తే వీధి వీధంతా తిరిగి చూస్తుంది. వెర్నర్ ముఠాకి కావలసిన సరుకు తెచ్చిపెట్టేది ఆమే. ఆ సంగతులన్నీ భరణికి చేరవేసేదీ ఆమే. ఇందులోకి వచ్చేటప్పుడు ఒకే షరతు పెట్టింది. తన చేతి మీదుగా ఎవరి ప్రాణమూ పోకూడదు.

"దీన్లో చిప్ పెట్టాం" అన్నాడు చీఫ్. "నీ ఫోన్‌లో బటన్ నొక్కేదాకా ఇది సత్యహరిశ్చంద్రుడే. నొక్కాక అసలు బరువు కంటే తక్కువ చూపిస్తుంది. వాడు తెలియకుండానే ఎక్కువ మందు పోస్తాడు. గుల్ల సగం ఖాళీగానే ఉంటుంది కాబట్టి కంటికి కనపడదు. మొదటి తూటాకే రైఫిల్ వాడి మొహం మీద పేలిపోతుంది."

"జైబాకి ఏం చెప్పాలి?"

"మందు తక్కువ పడుతుందని చెప్పు. గుండు తుస్సుమని దగ్గర్లోనే పడిపోతుందని చెప్పు. ఆడపిల్ల నిజం తెలిస్తే చెయ్యదు."

భరణి "సరే సార్" అన్నాడు. ఆ మాట అంత తేలిగ్గా ఎలా వచ్చిందో తర్వాత అతనికే అర్థం కాలేదు.

మర్నాడు జైబా వెర్నర్‌ని వెంటబెట్టుకుని భరణి పనిచేసే తూకాల షాపుకి వచ్చింది. నల్లటి అబాయా, ఖరీదైన కళ్లజోడు. వెర్నర్ బక్కగా, బళ్లో లెక్కల మాస్టారిలా ఉన్నాడు.

"భయ్యా, మా వాళ్లు వజ్రాలు చూస్తరు. మంచి కాంటా కావాలె. ఫులూస్ మాత్రం ఎక్కువ పెట్టం, అగ్గువల చూపియ్యి."

"ఈ చవక రకం గ్రాములో వందో వంతు దాకానే చూపిస్తుంది మేడమ్, మీకు చాలదు. ఇది వెయ్యో వంతు చూపిస్తుంది" అంటూ భరణి చిప్ ఉన్న మిషన్ ముందుకు జరిపాడు.

వెర్నర్ ఇంగ్లీషులో అడిగాడు. "దీనికంటే ఖరీదైనవి చూపించవేం?"

"ఎక్కువ సున్నాలు చూపించడం గొప్ప కాదు సార్. ఒకే బరువుని పదిసార్లు పెడితే పదిసార్లూ అదే అంకె రావాలి. ఆన్ చేసి కాసేపు వేడెక్కనివ్వండి. ఏసీ గాలి తగిలితే అంకె ఊగుతుంది, అందుకే ఈ గాజు మూత. ఫోన్ దూరంగా పెట్టండి. ప్రతిసారీ మొదట బరువు తెలిసిన చెక్ వెయిట్ పెట్టి సరిచూసుకోండి."

అన్నీ నిజాలే. అబద్ధం అమ్ముడుపోవాలంటే చుట్టూ అన్ని నిజాలు పేర్చాలని భరణికి తెలుసు. వెర్నర్ జేబులోంచి తన సొంత చెక్ వెయిట్ తీశాడు. పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. అంకె చెక్కు చెదరలేదు. వాడు మొదటిసారి నవ్వి, ఫోన్ మాట్లాడుతూ బయటికి నడిచాడు.

బిల్లు తీసుకునే నెపంతో జైబా కౌంటర్ మీదికి వంగింది. కళ్లజోడు తీసింది.

"సచ్ బోలో భరణీ. ఎవ్వరికీ ఏం గాదు గద?"

"ఏం కాదు. మందు తక్కువ పడుతుంది, అంతే."

"ఖుదా కసమ్?"

"నన్ను నమ్ము."

ఆమె నమ్మింది. 

బుధవారం పొద్దున్నే జైబా నుంచి మెసేజ్ వచ్చింది. 'అత్తరు వచ్చింది.' వెర్నర్ చెక్ వెయిట్‌తో చూసుకోవడం పూర్తయింది, మందు తూచబోతున్నాడు అని ఆ కోడ్‌కి అర్థం. భరణి బొటనవేలు బటన్ మీద ఆగింది. శ్రీరామమూర్తి మొహం గుర్తు తెచ్చుకున్నాడు. నొక్కాడు.

మధ్యాహ్నం జైబా ఫోన్ చేసింది. గొంతులో నవ్వు.

"భరణీ, మజాక్ విను. వెర్నర్‌కి నా మీద శక్ వచ్చిందంట. మెసయీద్ అవతల ఇసుక దిబ్బల కాడ టెస్ట్ ఫైరింగ్. మొదటి తూటా నా చేత్తోనే కొట్టమంటుండు. కొడితే నమ్ముతడంట. తుస్సుమంటది గద, కొడ్త... అరె, ఫోన్ ఇచ్చెయ్యమంటుండు. యల్లా, ఉంటా."

"జైబా, ఆగు..."

లైన్ కట్ అయింది. మళ్లీ చేస్తే స్విచాఫ్.

భరణి వెంటనే చీఫ్‌కి ఫోన్ కలిపాడు.

సంగతంతా విన్నాడు వేణుగోపాలరావు. "నువ్వు వెళితే ఆపరేషన్ మొత్తం బయటపడుతుంది భరణీ. ఆమె చేతిలో పేలినా రైఫిల్ పోతుంది. శ్రీరామమూర్తి బతుకుతాడు."

"ఆమెకి అబద్ధం చెప్పింది నేను సార్."

"చెప్పమన్నది నేను."

"కానీ ఆమె నమ్మింది నన్ను" అని ఫోన్ పెట్టేశాడు.

భరణి సఫారీ డ్రైవర్లా చొక్కా వేసుకుని, తలకి గుడ్డ చుట్టుకున్నాడు. అద్దె ల్యాండ్ క్రూయిజర్ స్టీల్ ప్లాంటు పొగగొట్టాలు దాటి ఇసుకలోకి దూకింది. ఇసుకలో కూరుకుపోకుండా టైర్లలో గాలి తగ్గించాలి, దానిక్కూడా ఆగలేదు. రెండు చోట్ల చక్రాలు కూరుకుపోబోయాయి. దారి పొడవునా అతని చెవుల్లో ఒకటే మాట. ఖుదా కసమ్?

జీపు చక్రాల జాడ పట్టుకుని మూడో దిబ్బ ఎక్కగానే ఇద్దరూ కనిపించారు. వెర్నర్ జీపు నీడలో, చాలా దూరంగా నిలబడ్డాడు. జైబా ఇసుక మీద బోర్లా పడుకుని ఉంది. చెంప రైఫిల్ మడమకి ఆనించి ఉంది. వేలు ట్రిగ్గర్ మీద బిగుస్తోంది.

భరణి హారన్ మీద చెయ్యి వేసి, కిటికీలోంచి తల బయటపెట్టి గొంతు చించుకున్నాడు. ఏ కోడూ గుర్తు రాలేదు. తెలుగే వచ్చింది.

"జైబా! కాల్చకు! అది పేలిపోతుంది! నీకు అబద్ధం చెప్పాను!"

జైబా వేలు ఆగింది. తల తిప్పి అతన్ని చూసింది. తర్వాత రైఫిల్‌ని చూసింది. దాన్ని ఇసుకలో వదిలేసి పక్కకి దొర్లింది.

వెర్నర్‌కి మాట తెలియకపోయినా ద్రోహం తెలిసింది. వేరే ఆయుధం లేక, పరుగున వచ్చి ఆ రైఫిలే అందుకున్నాడు. కారు దిగుతున్న భరణి గుండెకి గురిపెట్టాడు.

"నో! డోంట్ ఫైర్!" అని భరణి చేతులూపాడు. శత్రువుని కూడా హెచ్చరించాడు. వాడు దాన్ని ప్రాణభయం అనుకున్నాడు.

తుస్సుమనలేదు. దిబ్బలు అదిరేలా పేలింది.

పొగ విడిపోయేసరికి వెర్నర్ మోకాళ్ల మీద ఉన్నాడు. కుడిచెయ్యి చెయ్యిలా లేదు. ఒక కన్ను పోయింది. భరణి తన తలగుడ్డ విప్పి వాడి చేతికి కట్టు కట్టాడు. అంబులెన్స్‌కి, పోలీసులకి పేరు చెప్పకుండా ఫోన్ చేశాడు. వాడి బ్యాగులోంచి తూకం మిషన్ తీసేసుకున్నాడు. షాపులో నవ్విన వెర్నర్ మొహం ఎంత వద్దనుకున్నా కళ్ల ముందు నుంచి పోలేదు.

తిరుగు దారిలో జైబా వెనక సీట్లో కూర్చుంది. మెయిన్ రోడ్డు ఎక్కాక అడిగింది.

"బటన్ నొక్కింది నువ్వేనా?"

"నేనే."

"నేను మెసేజ్ పెట్టినంక?"

"అవును."

"అంటే వాని కన్ను తీసింది నేను గూడ." ఆమె కిటికీ వైపు తిరిగింది. "నాకు చెప్పి ఉంటే, నేను వద్దంటుంటి గావచ్చు. ఆ వద్దనే హక్కు గూడ ఇయ్యలే నువ్వు."

భరణి అద్దంలోకి చూడలేకపోయాడు. "క్షమించు" అన్నాడు. ఏసీ చప్పుడులో ఆ మాట ఆమెకి వినపడిందో లేదో. అల్ జదీదా సిగ్నల్ దగ్గర ఆమె తలుపు తీసుకుని దిగి, జనంలో కలిసిపోయింది.

గురువారం శ్రీరామమూర్తి సంతకం పెట్టి, అరబ్బు కాఫీ గావా తాగి, ఏమీ తెలియకుండానే విమానం ఎక్కాడు. ఢిల్లీ ఆపరేషన్‌ని మెచ్చుకుంది. జైబాకి డిపార్ట్‌మెంట్ తరఫున స్వయంగా వెళ్లి కృతజ్ఞతలు చెప్పి రమ్మని వేణుగోపాలరావు భరణిని పంపించాడు.

అత్తరు షాపు ఎదుటి టీ కొట్టులో భరణి మూడు కరక్ చాయ్‌లు తాగి, షాపు గడప తొక్కకుండానే తిరిగొచ్చాడు. అతని సర్వీసులో ఫెయిలైన మొదటి అసైన్‌మెంట్ అదే.